కళ్లం దాటాకే గాదె

1895లో పూర్తయిన పెరియారు ఆనకట్ట నీళ్లు పారే తమిళనాడులోని కంబం లోయలో రాజకంబళం వారు, కమ్మవారు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చదువు, రాత తమిళంలో. అందుకే అక్కడి తెలుగు పాట, పెళ్లి మాట, దీవెన చాలావరకు నోటి మీదే బతుకుతున్నాయి. వాటిని రాసి దాచాలనుకునే పిల్లలు గిట్ నేర్చుకోవాలని నా కోరిక.

మనం దాచమన్న ప్రతి పాఠాన్నీ, పాతదాన్ని పారేయకుండా, దాచే సాఫ్ట్‌వేర్ గిట్. లినస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని లినక్స్ కోసం రాశాడు. దాని వెనకున్న బుద్ధి మనకు పాతదే. వేమన పద్యాలను 1829లో అచ్చువేసిన సి.పి. బ్రౌన్ ఎన్నో రాతప్రతులు తెప్పించి పోల్చి చూశాడు. పాఠాంతరాన్ని పారేయకపోవడం మంచి పరిష్కర్త లక్షణం.

పాటలు దాచే ఫోల్డరులో టెర్మినల్ తెరిచి గిట్ ఇనిట్ అని కొడితే భాండాగారం ఏర్పడుతుంది. అందులో ఫైలు ఉన్నంతమాత్రాన గిట్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. గిట్ యాడ్ అని, పక్కన ఫైలు పేరు రాయాలి. అప్పుడది స్టేజింగ్‌లోకి వస్తుంది. కోసిన వరిని నేరుగా గాదెకు ఎత్తం కదా! కళ్లంలో నూర్చి, తూర్పారబట్టి, తాలు పోయాకే గింజను లోపల పోస్తాం. స్టేజింగ్ ఆ కళ్లం; అక్కడున్న పాఠాన్ని భద్రపరిచే గిట్ కమిట్ ఆ గాదె.

కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. యాడ్ చేశాక ఫైలును మళ్లీ దిద్దితే కళ్లంలో ఉన్నది పాత పాఠమే. మళ్లీ యాడ్ చేయాలి. ఏది కళ్లంలో ఉందో, ఏది బయట ఉందో గిట్ స్టేటస్ చెబుతుంది. ఫైలుకు కంబం అని తెలుగులో పేరు పెడితే స్టేటస్‌లో 340, 260, 225 అంటూ అంకెలు కనిపించవచ్చు. కంగారు వద్దు, అవి 'క' అక్షరపు మూడు బైట్లు. కోర్ డాట్ కోట్‌పాత్ సెట్టింగును ఫాల్స్ చేస్తే మన లిపి కళ్లెదుట నిలుస్తుంది.

గిట్ యాడ్ పక్కన ఒక్క చుక్క పెడితే ఫోల్డరులో ఉన్నదంతా చేరిపోతుంది. ఈ పనికి ఆ పద్ధతి నాకు నచ్చదు. పాట చెప్పిన అవ్వ ఫోన్ నంబరు కూడా దాంతోపాటే పోవచ్చు. కమిట్ అయి నలుగురికీ చేరాక దాన్ని వెనక్కి తేవడం చాలా కష్టం. అలాంటి ఫైళ్ల పేర్లను డాట్ గిట్‌ఇగ్నోర్‌లో ముందే రాసిపెట్టాలి. యాడ్ పక్కన హైఫన్, పీ పెడితే మార్పులను ముక్కముక్కగా చూపి, ఇది చేర్చాలా వద్దా అని అడుగుతుంది. నాకు ఇష్టమైనది ఇదే.

ఒకే పాటను ఇద్దరు అవ్వలు రెండు రకాలుగా పాడితే ఏది సరైనదని తేల్చక్కర్లేదు. మొదటి పాఠాన్ని యాడ్ చేసి కమిట్ చేయండి. అదే ఫైలును రెండో పాఠానికి తగ్గట్టు దిద్ది మళ్లీ యాడ్, కమిట్ చేయండి. రెండూ ఉంటాయి, తేదీతో సహా.

ఈ ఆదివారం మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఆమె సరేనంటే ఒక్క పాట రాసుకోండి. ఆ ఒక్క ఫైలునే పేరు పెట్టి యాడ్ చేయండి.