జారనివ్వని మేకు

వేమూరు చేలల్లో పంటబోదె దాటడానికి రెండు చెక్కలు ఒకదానిమీద ఒకటి వేస్తే, మనిషి నడిమధ్యకు వచ్చేసరికి రెండూ వంగుతాయి. చివరల్లో పై చెక్క కింది చెక్కమీద కాస్త జారుతుంది కూడా. ఆ రెంటినీ జారకుండా బిగిస్తే ఒకే మందపాటి చెక్క అవుతాయి. వంపు నాలుగోవంతుకు తగ్గుతుంది.

హైదరాబాద్‌లో 2023 ఆగస్టులో ప్రారంభమైన ఇందిరాపార్కు–వీఎస్టీ స్టీల్ బ్రిడ్జిలో కింద ఉక్కు గర్డర్లు, పైన కాంక్రీట్ స్లాబ్. ఇలాంటి వంతెనల్లో లాగుడుకు ఉక్కు, నొక్కుడుకు కాంక్రీట్ నిలబడతాయి. అయితే రెండూ కలిసి పనిచెయ్యాలంటే మధ్యలో జారుడు ఆగాలి. ఆ పని షియర్ కనెక్టర్‌ది.

ఎక్కువగా వాడేది తలకట్టు ఉన్న స్టడ్. ఒంటి మందం 19 మిల్లీమీటర్లు, తల వెడల్పు 32, పొడవు 100 దాకా. గర్డర్ పై ఫ్లాంజ్‌మీద స్టడ్‌ను నిలబెట్టి, మొదలు చుట్టూ పింగాణీ ఉంగరం పెడతారు. వెల్డింగ్ గన్ స్టడ్‌ను కొద్దిగా పైకి లేపి, మెరుపు పుట్టించి, కరిగిన లోహంలోకి దించుతుంది. అంతా ఒక సెకను పని. ఉంగరం పగలగొడితే మొదలు చుట్టూ మెరిసే లోహపు కట్టు కనిపిస్తుంది.

బరువు పడ్డప్పుడు స్టడ్ తన మొదలు ముందున్న కాంక్రీట్‌ను నెడుతుంది. అక్కడ కాంక్రీట్ కాస్త నలుగుతుంది. కింద వెల్డు, పైన తల పట్టుకుని ఉండడంతో స్టడ్ మెలిక తిరిగినట్టు వంగుతుంది. స్లాబ్ పైకి లేవకుండా ఆపేది ఆ తలే. జారుడు ఎక్కువుండే గర్డర్ చివరి స్టడ్ అలా కొంచెం వంగి, తన భారాన్ని పక్కవాటికి పంచుతుంది. పరీక్షలో కనీసం 6 మిల్లీమీటర్ల జారుడును తట్టుకుంటేనే యూరోకోడ్ 4 దాన్ని సాగే స్టడ్‌గా లెక్కిస్తుంది.

హై పెర్ఫార్మెన్స్ కాంక్రీట్‌లో కథ మారుతుంది. అది అంత తేలిగ్గా నలగదు కనక స్టడ్‌కు వంగే చోటు దొరకదు. మోసే బరువు పెరుగుతుంది, జారుడు తగ్గుతుంది. చివరికి లోహపు కట్టుకు కాస్త పైన ఒళ్లే తెగుతుంది. పక్కవాటికి పంచుకునే వీలు తగ్గింది కాబట్టి, జారించే బలం (షియర్) ఎక్కువుండే గర్డర్ చివరల్లో స్టడ్లను దగ్గరగా, నడుమ దూరంగా నాటడంలో మరింత జాగ్రత్త కావాలి.

స్లాబ్ పొయ్యకముందు కొన్ని స్టడ్లను ఎంచి, సుమారు 30 డిగ్రీలు వంగేదాకా సుత్తితో కొడతారు. వెల్డు పగలకపోతే సరే. వంగినదాన్ని నిటారు చెయ్యరు, అలాగే కాంక్రీట్ పోస్తారు. వంగినా విరగనని ముందే రుజువు చేసుకున్నవి అవే మరి.