రుక్కమ్మని కౌన్సెలర్ ముందు కూర్చోబెడితే

కథలో మనిషిని మానసిక వైద్యుడి ముందు కూర్చోబెట్టి చూడడం కొత్త సరదా ఏమీ కాదు. ఫ్రాయిడే ఆ పని చేశాడు. విల్‌హెల్మ్ యెన్సెన్ 'గ్రడీవా' కథానాయకుడి కలల్ని నిజం రోగి కలల్లాగే విప్పి, 1907లో పుస్తకం వేశాడు. సరిగా కుదరని పాత్ర ఈ పరీక్షకి ఆగదు. రెండో ప్రశ్నకే లోపలున్న రచయిత గొంతు బయటపడిపోతుంది.

మనవాళ్ళలో ఆ కుర్చీకి తగినవాడెవరంటే చాలామంది బుచ్చిబాబు దయానిధి పేరే చెబుతారు. 'చివరకు మిగిలేది' నాయకుడు. కానీ అతనితో కౌన్సెలర్‌కి పెద్ద పని ఉండదు. తనే డాక్టరు. తల్లి గురించి లోకం అన్న మాటలు తన్నెలా తొలిచేశాయో తనే తవ్వుకుంటాడు. అడక్కపోయినా ఆరు సిట్టింగులు మాట్లాడగలడు.

నాకైతే రాజమండ్రి రుక్కమ్మ కావాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అరికాళ్ళక్రింద మంటలు' కథలో చిన్న వయసు వితంతువు. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే మనిషి. "నీకెలా ఉందమ్మా?" అని అడిగామనుకోండి. నా ఊహలో ఆవిడ తన సంగతి చెప్పదు. అంట్లున్నాయంటుంది, నీళ్ళు తోడాలంటుంది, ఆలస్యమైతే తిడతారంటుంది. మరీ గుచ్చి అడిగితే, కాళ్ళు మండుతున్నాయంటుంది. అనుభవమున్న కౌన్సెలర్ చెవి నిక్కేది అక్కడే. మన ఆస్పత్రులకి మనసు బాధ తరచు ఒంటి బాధగానే వస్తుంది: గుండెదడ, తలపోటు, ఒళ్ళు మంటలు. 1891లో పొలమూరులో వేదపండితుల ఇంట పుట్టి, ఇంగ్లీషు చదువు జోలికి పోని శాస్త్రిగారు ఆ బాధనే కథకి పేరుగా పెట్టారు.

ఇక పనితనం. కథ చాలావరకు మాటల్లోనే నడుస్తుంది. రచయిత మధ్యలో దూరి అయ్యో పాపం అనరు. పురమాయింపు మీద పురమాయింపు వచ్చి పడుతుంటుంది. ఆ గొంతుల్లో ఒక్కటీ పుస్తకాల గొంతు కాదు. అన్నీ గోదావరి ఇళ్ళ వంటింట్లో, వసారాలో వినపడేవే. ఆవిడకి ఊపిరాడడం లేదని ఎవరూ చెప్పక్కర్లేదు, చదివేవాడికే ఊపిరాడదు. వినేవాళ్ళు లేని మనిషి గోడు వినే పని పాఠకుడి మీద పెట్టేశారాయన. ఇంత ఒడుపు నేను దయానిధి కథలో కూడా చూడలేదు. (బుచ్చిబాబు అభిమానులు కోప్పడితే పడనీండి.)

అసలు నేర్పు ముగింపులో ఉంది. రుక్కమ్మ జట్కా ఎక్కి, వితంతువులకి మళ్ళీ పెళ్ళిళ్ళు చేయించే వీరేశలింగం పంతులుగారి తోటకి వెళ్ళిపోతుంది. ఓ మాదిరి కౌన్సెలర్ అయితే ఓర్చుకునే ఉపాయాలు నాలుగు చెప్పి, మళ్ళీ ఆ ఇంటికే పంపును. శాస్త్రిగారు జబ్బు రుక్కమ్మలో లేదని, ఆ ఇంట్లో ఉందని తేల్చారు. ఆవిడకి కావలసింది ఓదార్పు కాదు, పోవడానికో చోటు. అదీ కల్పించింది కాదు. రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు.

కౌన్సెలింగ్ చదువుతున్న పిల్లలు పాఠ్యపుస్తకాల పక్కన ఈ కథని కూడా పెట్టుకోవాలి. ముందు మాటలు పైకి చదవండి, అర్థాల సంగతి తరవాత చూసుకోవచ్చు.