వరిగ అడిగితే వరగు ఇచ్చినారు

మొన్న మా పిన్నమ్మను మణవాళనగర్ నుంచి ఒక నాటు విత్తనాల సంతకు తీసుకుపోయినాను. ఆమె వరిగలు అడిగింది. అంగట్లో ఉన్న పిల్లవాడు ‘వరగు’ అని అరవంలో రాసిన పొట్లం తీసి ఇచ్చినాడు. ఆమె అరచేతిలో పోసుకొని చూసి, "ఇవి వరిగిలు గాదురా నాయనా, ఆరికిలు" అనింది.

పిల్లవాడి తప్పేమీ లేదు. అరవంలో వరగంటే మన ఆరికలే. మన వరిగను వాళ్లు పనివరగు అంటారు. పేర్లు అక్కచెల్లెళ్ల మాదిరి ఉన్నాయి గానీ గింజలు వేరు. వరిగ గింజ నున్నగా మెరుస్తుంది. ఆరిక గింజ మందం పొట్టుతో, మట్టిరంగులో ఉంటుంది. వరిగ సుమారు 70 రోజుల్లో కోతకొస్తుంది. ఆరికకు నాలుగు నెలలు పట్టచ్చు, పాత రకాలకు ఇంకా ఎక్కువే. వాన ఆలస్యమైన ఏడు వరిగ అనుకొని ఆరిక చల్లినవాడి గతి ఏమి? గింజ పాలు పట్టే వేళకు నేలలో తేమ ఉండదు. పేరు తప్పితే ఒక పంటే పోతుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం మళ్లీ తీసినాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన వ్యవసాయ పదాల సంపుటం ఇది. అంతకుముందు మన నిఘంటువులకు ఆధారం కావ్యాలు. ఈ పుస్తకం మాత్రం రైతు దగ్గరికి పోయి ‘దీన్ని నువ్వేమంటావు?’ అని అడిగింది. ఒకే వస్తువుకు ఊరూరా ఉన్న పేర్లన్నిటికీ సమాన గౌరవం ఇచ్చింది. యాస మాటలంటే నవ్వే రోజుల్లో అది చిన్న పని కాదు. మనలాంటి వాళ్లం ఇట్లా కూచుని యాసల గురించి రాసుకుంటున్నామంటే ఆ పుస్తకానికి బాకీ పడ్డట్టే.

అయినా ఒక మాట అనాల. ఆ పని ఆంధ్రప్రదేశ్ ఎల్లల్లో జరిగింది. తిరుత్తణి 1911 నుంచి చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. అదే సర్దుబాటులో ఇటుపక్క నుంచి సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయింది. పుస్తకం అచ్చయింది ఇది జరిగిన రెండేళ్లకు. మణవాళనగర్, తిరువళ్లూరు వైపు తెలుగువాళ్లం ముందు నుంచీ చెంగల్పట్టు జిల్లావాళ్లమే, లెక్కలోకి వచ్చే ప్రసక్తే లేదు. గీత గీసినంత మాత్రాన గింజ ఆగిందా? నగరి మిరపనారు తిరుత్తణికి వస్తానే ఉంది, తిరుత్తణి పిల్ల పుత్తూరుకు కోడలుగా పోతా కొంగున విత్తనాలు కట్టుకొని పోతానే ఉంది. రాష్ట్రం పటం మీద మాటలు లెక్కపెడితే, రెండు భాషలు రాసుకునే చోట పుట్టే చిక్కులు కనిపించవు. వరిగ–వరగు చిక్కు అట్లాంటిదే.

ఈ చిక్కు అరవంతోనే కాదు, తెలుగులో తెలుగుకూ ఉంది. మన వైపు అనపకాయంటే చిక్కుడు జాతి. మార్గశిరంలో గింజ నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు దానిదే. కృష్ణా, గోదావరి వాళ్లకు ఆనపకాయంటే మన సొరకాయ. ఒక దీర్ఘం తేడాతో పప్పు కాస్తా తీగ కాయ అయింది. శ్రీకాకుళం వాళ్లు చోళ్లంటే రాగులు. మన పొరుగున సోళమంటే జొన్నలు. విత్తనం పంపే మనిషి చోళ్లనీ, అందుకునే మనిషి సోళమనీ అనుకుంటే ఎట్లా?

రెండో ఇబ్బంది పదకోశానిది కాదు, సర్కారు విత్తనానిది. కోయంబత్తూరులో కోనామణి వడ్ల నుంచి ఏరి 1921లో ఇచ్చిన రకానికి జి.ఇ.బి. 24 అని పేరు పెట్టినారు. అంటే గవర్నమెంట్ ఎకనమిక్ బొటానిస్ట్ వారి 24వ ఎంపిక. రైతులు దాన్ని కిచిలి సంబా అనే పిలిచినారు. మన తిరువళ్లూరు పక్కనే తిరూరు వరి పరిశోధన కేంద్రంలో దాన్ని కో 18తో సంకరం చేస్తే టి.కె.ఎం. 6 పుట్టింది. అది మళ్లీ ఐ.ఆర్. 20కి ఒక కన్నది. మన ఇంటి పక్క గింజ లోకమంతా తిరిగింది, సంతోషం. కానీ ఆఫీసు అక్షరాల వెనక ఏ ఊరి మడి ఉందో పేరు చూసి చెప్పలేము. కిచిలి సంబా అంటే నోట్లో అన్నం రుచి తగులుతుంది, జి.ఇ.బి. 24 అంటే ఫైలు తగులుతుంది.

ఇప్పుడు సంతలు నడిపే వాళ్లు చేస్తా ఉండేది గొప్ప పని. నెల్ జయరామన్ తిరుత్తురైప్పూండి దగ్గర ఆదిరంగంలో వడ్ల తిరునాళ్లు పెట్టి, 170కి పైగా నాటు రకాలు పోగుచేసినారు. రెండు కిలోలు తీసుకుపోయిన రైతు పంటయినాక నాలుగు కిలోలు తెచ్చి ఇయ్యాల. వడ్డీ గింజలోనే. 2018లో ఆయన పోయినా ఆ వరస పోలేదు. కానీ అక్కడి నుంచి ఇటు వచ్చే రకాలన్నీ ఒకే భాష పేరుతో వస్తాయి. ఆ పేరే నిలుస్తుంది. మా అవ్వ ఇంకో పేరుతో పిలిచినదీ ఇదీ ఒకటేనా అని తేల్చే మనిషి లేకపోతే, ఉన్న రకమే పోయిందనుకొని ఏడుస్తాము, లేదా వేరే రకాన్ని మనదనుకొని మురుస్తాము.

జహీరాబాదు వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లను చూడండి. పచ్చజొన్న దాచేదీ వాళ్లే, పేరు చెప్పేదీ వాళ్లే, ఏ నేలకు ఏది అని తీర్పు చెప్పేదీ వాళ్లే. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో వాళ్ల అసలు గెలుపు గింజ, పేరు, తెలివి ఒకే చేతిలో ఉండడం. మన దగ్గర గింజ ఒకరి చేతిలో, పేరు ఇంకొకరి నోట్లో ఉంది. ఆ నోటికి డెబ్బై దాటినాయి. 2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి అయింది, మన పిల్లలు చాలామంది తెలుగు రాత చదవలేరు. పొట్లం మీద తెలుగు రాసినా చదివే వాళ్లు తక్కువని నాకూ తెలుసు.

అందుకే పొట్లం మీద పేరొక్కటే చాలదంటాను. రెండు భాషల్లో పేరు, ఇచ్చినవాళ్ల ఊరు, ఎన్నాళ్ల పంట, గింజ రంగు, ఏమి వండుతారు. ఈ అయిదు ముక్కలుంటే పేరు జారినా గింజ దొరుకుతుంది. 2001 చట్టం కింద రైతు రకాన్ని నమోదు చేసుకోవచ్చు, అక్కడ కూడా ఒక రకానికి ఒకే పేరు అడుగుతారు. ఏ పేరు అనే తగువు రేపు రాకముందే మన పేర్లన్నీ రాసి పెట్టుకోవడం మంచిది.

మా పిన్నమ్మ ఆ పొట్లం తిరిగి ఇయ్యలేదు. "తెచ్చినాము గదా, ఆరికిలే చల్లుదాం" అనింది. పొట్లం మీద పెన్నుతో నాచేత తెలుగులో ‘ఆరికిలు’ అని రాయించింది. వరిగలు మాత్రం ఇంకా దొరకలేదు. తిరుత్తణి, పళ్లిపట్టు, నగరి వైపు ఎవరింట్లో అయినా కుండలో ఉంటే, మీ ఊళ్లో వాటిని ఏమంటారో ఆ పేరుతోనే చెప్పండి. రెండు శేర్లు తీసుకొని, పంటయినాక నాలుగు శేర్లు తెచ్చి ఇస్తాము.