పళ్లు లెక్కపెట్టే మనిషి

కెనడాలోని నార్త్ వాంకూవర్ పైనున్న ఫ్రోమ్ కొండ దారుల నిండా తడిసిన చెట్ల వేర్లు, బండరాళ్లే. అక్కడ సైకిల్ వెనక చక్రం పక్కన వేలాడుతూ గేర్లు మార్చే డిరైలర్‌కు దెబ్బ తగలడం మామూలు. విరిగినదాన్ని విప్పడం తేలికే; దాని చోట ఏది పెట్టాలో తేల్చడమే పనితనం.

మంచి మెకానిక్ ముందు ధర చెప్పడు, పళ్లు లెక్కపెడతాడు. పెడల్ దగ్గరి పళ్ల చక్రాలకు 22, 36 పళ్లు, వెనక 11 నుంచి 36 దాకా ఉంటే తేడాలు 14, 25, కలిపితే 39. అంత వదులు గొలుసును బిగువుగా పట్టాలంటే డిరైలర్‌కు పొడవాటి కేజ్ (గొలుసును పట్టి ఉంచే కింది చట్రం) కావాలి. తర్వాత హ్యాండిల్ మీది గేరు మీట, షిఫ్టర్, చూస్తాడు. ఒక్కో నొక్కుకు అది లాగే కేబుల్ కొలత డిరైలర్‌కు సరిపోవాలి. షిమానో అనే ఒకే కంపెనీలోనే 9 గేర్ల కొండ సైకిల్ షిఫ్టర్‌కూ 10 గేర్ల డిరైలర్‌కూ పొసగదు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన జాతకాలు కలుస్తాయా?

చివరగా హ్యాంగర్. డిరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే, ఫ్రేమ్‌ను కాపాడ్డానికి తాను వంగిపోయే చిన్న ముక్క అది. అది వంకరగా ఉంటే ఎంత ఖరీదైన డిరైలరైనా దండగే.

ఇవన్నీ చూసి, “మీ బండికి ఈ చవకది చాలండీ” అనే మెకానిక్ దొరికితే ఆ కొట్టు వదలకండి.