బ్రెడ్డులో ఒకలా, పేగులో ఇంకోలా

ప్రొపియోనేట్ బరువు పెరగకుండా ఆపుతుందని 2015లో ఒక పరిశోధన పత్రం చెప్పింది. అదే ప్రొపియోనేట్ ఒంటిని బరువు పెరిగే దారి పట్టించవచ్చని 2019లో మరో పత్రం చెప్పింది. మొదటిది లండన్ ఇంపీరియల్ కాలేజీలో గ్యారీ ఫ్రాస్ట్ బృందానిది, ‘గట్’ పత్రికలో వచ్చింది. రెండోది హార్వర్డ్‌లోని గోఖాన్ హోతమిష్లిగిల్, ఇజ్రాయెల్‌లోని షీబా వైద్యకేంద్రానికి చెందిన అమీర్ టిరోష్ తదితరులది, ‘సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్’లో వచ్చింది. మొదటిది మాత్రమే చదివినవాళ్లు పీచు గొప్పతనం చెబుతారు, రెండోది మాత్రమే చదివినవాళ్లు బ్రెడ్డు పేరెత్తితే ఉలిక్కిపడతారు. రెండు వర్గాలకూ చేతిలో ఉన్నది సగం కథే.

బ్రెడ్డుకు బూజు పట్టకుండా కలిపేది కాల్షియం ప్రొపియోనేట్. బూజును అడ్డుకుంటుంది కానీ పిండిని పొంగించే ఈస్ట్ జోలికి పెద్దగా పోదు. బేకరీలు దాన్ని అంతగా నమ్ముకున్నది అందుకే. అలాగని అది ఒంటికి పరాయి వస్తువేమీ కాదు. పప్పుల్లో, కూరల్లో ఉండే పీచును పెద్దపేగులోని బాక్టీరియా పులియబెట్టినప్పుడు రోజూ పుట్టేదే. అంటే రెండు పత్రాలూ కొత్త విషం గురించో కొత్త మందు గురించో మాట్లాడటం లేదు, మన లోపల ఎప్పుడూ ఉండే పదార్థం గురించే మాట్లాడుతున్నాయి.

లండన్ వాళ్ల ప్రయోగంలో మెచ్చుకోవలసింది ఉపాయం. ప్రొపియోనేట్‌ను ఊరికే మింగిస్తే పెద్దపేగు దాకా చేరదు, దారిలోనే రక్తంలోకి ఇంకిపోతుంది. అందుకని దాన్ని ఇనులిన్‌కు రసాయన బంధంతో అతికించారు. ఇనులిన్ అంటే మన కాఫీపొడిలో కలిపే చికోరీ వేరులో ఉండే పీచు. ఆ బంధాన్ని తెంచడం పెద్దపేగులోని బాక్టీరియాకే చేతనవుతుంది. అధిక బరువున్న 60 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 10 గ్రాముల ఈ పొడి, తక్కినవారికి ఉత్త ఇనులిన్ 24 వారాల పాటు ఇచ్చారు. చివరిదాకా నిలిచినవాళ్లలో 5 శాతం, అంతకుమించి బరువు పెరిగినవారు ఇనులిన్ వర్గంలో నలుగురు, ప్రొపియోనేట్ వర్గంలో ఒక్కరూ లేరు. కాలేయంలో కొవ్వు కూడా తగ్గింది. అంతకుముందు ఒక్క మోతాదుతో చేసిన పరీక్షలో ఆకలిని అణిచే పీవైవై, జిఎల్‌పి-1 హార్మోన్లు పెరిగి, తిండి తగ్గింది. ఈ జిఎల్‌పి-1నే ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇంటింటి మాట చేశాయి.

హార్వర్డ్ పత్రం తీరు వేరు. అది బరువు దగ్గర కాక రక్తం దగ్గర మొదలవుతుంది. ఎలుకలకు ప్రొపియోనేట్ ఇవ్వగానే సింపథెటిక్ నాడీ వ్యవస్థ మేల్కొంది, గ్లూకగాన్, ఎఫ్‌ఏబీపీ4 అనే హార్మోన్లు పెరిగాయి, కాలేయం చక్కెరను రక్తంలోకి వదిలింది. ఈ గొలుసులో ఒక్కో లంకెనూ తెంచి చూశారు. కాలేయంలో గ్లూకగాన్ పనిచేయకుండా చేసినా, ఎఫ్‌ఏబీపీ4 లేకుండా చేసినా ఎలుకలకు హాని తప్పింది. కార్యకారణ సంబంధాన్ని ఇంత ఓపిగ్గా పట్టుకున్న పని నాకు లండన్ పత్రంలో కనబడదు. మనుషులు తినే స్థాయికి సరితూగే చిన్న మోతాదునే చాలాకాలం ఇస్తే ఎలుకలు బరువెక్కాయి, వాటికి ఇన్సులిన్ నిరోధకత వచ్చింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పత్రం పలచబడుతుంది. ప్రొపియోనేట్ తినిపించి చూసింది 14 మందికి. అందరూ సన్నటివాళ్లు, మధుమేహం లేనివాళ్లు. భోజనంలో 1 గ్రాము కలిపి ఒకసారి, ప్రొపియోనేట్ కలపని అదే భోజనంతో ఇంకోసారి పరీక్షించారు. భోజనం తర్వాత నార్‌ఎపినెఫ్రిన్ (సింపథెటిక్ నాడులు వదిలే రసాయనం), గ్లూకగాన్, ఎఫ్‌ఏబీపీ4 పెరిగిన మాట నిజం, ఇన్సులిన్ పని మందగించిన మాటా నిజం. ఒక్క పూట భోజనంతో ఎవరి బరువూ మారదు, మారిందని వాళ్లూ అనలేదు. పత్రం శీర్షికలో ఎలుకల పక్కన మనుషులను నిలబెట్టింది ఇన్సులిన్ వరకే. బరువు సంగతి ఎలుకలదే. ‘ప్రిజర్వేటివ్ లావెక్కిస్తుంది’ అని వార్తలు రాసినవాళ్లు జారిపడింది ఇక్కడే.

రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టినప్పుడు నన్ను ఆపేసింది మోతాదు. మేలు చేసిన లండన్ పొడిలో రోజుకు 2 గ్రాములకు పైగా ప్రొపియోనేట్ ఉంది. కీడు చూపిన భోజనంలో ఉన్నది 1 గ్రాము. ఎక్కువైతే విషం, తక్కువైతే మందు అనే లెక్క ఇక్కడ తలకిందులైంది. నాకు సబబుగా తోచే వివరణ చోటు, వేగం. బ్రెడ్డుతో లోపలికి వెళ్లింది చిన్నపేగులోనే ఒక్కసారిగా ఇంకి కాలేయం మీద పడుతుంది. పెద్దపేగులో విడుదలయ్యేది గంటల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది, ఆకలి హార్మోన్లను వదిలే కణాల పక్కనే పుడుతుంది. ఈ తేడాను రెండు బృందాల్లో ఎవరూ నేరుగా కొలవలేదు. ఒకే మనుషులకు రెండు దారుల్లోనూ ఇచ్చి చూసి ఉంటే తేలేది.

ఇంకో లోపం రెంటికీ ఉమ్మడిది. ప్రొపియోనేట్‌ను విడదీసి చూడటానికి మిగతావన్నీ సమానం చేశారు. ప్రయోగానికి అది అవసరమే. తినేవాడికి మాత్రం ప్రొపియోనేట్ ఎప్పుడూ విడిగా రాదు, మైదాతో, చక్కెరతో కలిసి వస్తుంది. ఆ చక్కెర కూడా చట్టం దృష్టిలో ప్రిజర్వేటివే. మన ఆహార నిబంధనలు నిల్వ ఉంచే పదార్థాలను రెండు తరగతులు చేశాయి. ఉప్పు, చక్కెర, నూనె, వెనిగర్, మసాలా దినుసులు మొదటి తరగతి. బెంజోయేట్లు, సల్ఫైట్లు, ప్రొపియోనేట్లు రెండో తరగతి. ఆవకాయలో ఉప్పూ నూనే ప్రిజర్వేటివులే అంటే మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు గానీ, చట్టం లెక్క అదే. ఉదాహరణకు, పళ్ల స్క్వాష్ సీసా విషయంలో బరువు గురించి అడగాల్సి వస్తే నేను ముందు ఆ మొదటి తరగతి చక్కెరనే నిలదీస్తాను, బెంజోయేట్ వంతు తర్వాత.

లండన్ పత్రాన్ని చూపించి బ్రెడ్డులో ప్రొపియోనేట్ మంచిదే అనడం కుదరదు, అది బ్రెడ్డు గురించి రాసింది కాదు. హార్వర్డ్ పత్రం లేవనెత్తిన అనుమానం మాత్రం గట్టిది. దాన్ని తేల్చాలంటే అదే బ్రెడ్డును ప్రొపియోనేట్‌తోనూ, అది లేకుండానూ నెలల తరబడి మనుషులకు పెట్టి తూకం చూడాలి. ఈలోగా జాగ్రత్తపడదామనుకున్నవాళ్లకు ఆ 1 గ్రామే కొలబద్ద. కానీ మన బ్రెడ్డు కవరు మీద ‘క్లాస్ 2 ప్రిజర్వేటివ్ (282)’ అనే ఉంటుంది తప్ప ఒక్కో ముక్కలో ఎన్ని మిల్లీగ్రాములో ఉండదు.