దంతవైద్య పీఠ చరిత్రకు పీఠిక

వైద్యచరిత్రకారులు ఔషధాలను గురించి, శస్త్రాలను గురించి, వాటిని కనిపెట్టిన మహనీయులను గురించి విస్తారంగా రాశారే కాని, రోగి ఏ ఆసనం మీద కూర్చుని ఆ చికిత్సను భరించాడో విచారించినవారు అరుదు. ఆ కొరత తీర్చడానికి పూనుకొని, పాత పేటెంటు పత్రాలను, సామగ్రి వర్తకుల జాబితాలను ఏళ్ల తరబడి ఓపికగా పరిశీలించి, ఈ గ్రంథకర్త, చిరంజీవి, దంతవైద్యుని కుర్చీ చరిత్రను గ్రంథస్థం చేశారు. శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా వెలుగొందిన కొండవీటి గడ్డ నుంచి ఇటువంటి కృషికి ముందుమాట రాయగలగడం నాకు సంతోషదాయకం.

శస్త్రకర్మకు ముందు రోగిని తూర్పుముఖంగా కూర్చోబెట్టి, కదలకుండా పట్టి ఉంచి, వైద్యుడు అతనికి ఎదురుగా ఉండాలని సుశ్రుతాచార్యుడు విధించాడు. పళ్లకు వాడే దంతశంకువు అనే పనిముట్టును శస్త్రాలలో ఒకటిగా లెక్కించాడు. ఫ్రాన్సులో దంతవైద్యుడు పియరె ఫోషార్ 1728లో వెలువరించిన గ్రంథంలో, రోగిని నేల మీద కూర్చోబెట్టి తలను మోకాళ్ల నడుమ ఇరికించుకునే పద్ధతిని నిరసించి, చేతుల కుర్చీని విధాయకం చేశాడు. వైద్యుని సౌకర్యంతోపాటు రోగి గౌరవానికీ శాస్త్రంలో చోటు కల్పించిన ఆ మాటను గ్రంథకర్త సముచితంగా తొలి అధ్యాయంలోనే నిలిపారు.

1790 ప్రాంతంలో అమెరికా దంతవైద్యుడు జోసయ్య ఫ్లాగ్ మామూలు విండ్సర్ కొయ్యకుర్చీకి, ఎత్తు మార్చుకోగలిగిన తలదిండును, పనిముట్లు పెట్టుకునేందుకు చేతి పక్కన ఒక పలకను అమర్చుకున్నాడు. చూడడానికి అల్పమైన మార్పే. కాని తల వెనక్కి వాలకపోతే పైదవడ పళ్లు కానరావు. తల కదిలితే పనిముట్టు చిగురులో దిగుతుంది. ఆ దిండు రోగి తలకు ఆధారమైంది, వైద్యుని రెండో చేతికి విడుదల ఇచ్చింది. తరువాతి కుర్చీలన్నిటికీ మూలపురుషుడు ఫ్లాగే అని నా అభిప్రాయం.

లండనులో జేమ్స్ స్నెల్ 1832లో వెనక్కి వాలే కుర్చీని రూపొందించాడు. మిల్టన్ హాంచెట్ 1848లో సర్దుబాటు కుర్చీకి పేటెంటు పొందాడు. బేసిల్ మాన్లీ విల్కర్సన్ 1877లో ద్రవపీడనంతో పైకి లేచే కుర్చీని తెచ్చాడు. అప్పటికే, 1871లో, జేమ్స్ మోరిసన్ కాలితో తొక్కి తిప్పే డ్రిల్లు యంత్రాన్ని ప్రవేశపెట్టాడు. దానితో, పన్ను పీకి పంపే క్షణకార్యం స్థానంలో, పుప్పిని తొలిచి పూడ్చే దీర్ఘకార్యం ప్రబలింది. కుర్చీ స్థిరంగా, సుఖంగా ఉండక తప్పలేదు. ఈ కార్యకారణ సంబంధాన్ని నిరూపించిన అధ్యాయమే ఈ గ్రంథానికి ప్రాణం.

మన దేశపు భాగం మాత్రం క్లుప్తంగా ఉంది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించిన కళాశాలను, 1959లో హైదరాబాదులో ఏర్పడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాలను పేర్కొన్నారు. మన పట్టణాల పళ్లడాక్టర్ల గదుల్లో వాడిన కుర్చీల చరిత్ర ఇంకా రాయవలసి ఉంది. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, మరెక్కడైనా పాత కుర్చీ మూలన పడి ఉన్నవారు దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేయక, గ్రంథకర్తకు ఒక కబురు పంపవలసిందిగా కోరుతున్నాను.