పాత పాటకు పట్టా

పోయిన ఆదివారం అవనిగడ్డ వైపు వెళ్లాను. మా అక్కావాళ్ల ఊరు అక్కడికి దగ్గరే. బావగారు రెండు చేపల చెరువులు లీజుకు చేస్తున్నారు. అన్నాలు తిని అరుగు మీద కూర్చున్నాక మాటల్లో చెప్పాను, పాత తెలుగు పాటల హక్కులున్న ఒక చిన్న కంపెనీ షేర్లు కొందామనుకుంటున్నానని.

"ఎన్నేళ్ల లీజు?" అన్నారు.

"లీజు కాదు బావా, హక్కులు కంపెనీకి సొంతమే."

"సొంతమే అనుకో. ఎన్నేళ్లు సొంతం? కాగితం చూశావా?"

1977 నవంబర్ 19 ఉప్పెనలో వాళ్ల ఇంటి పత్రాల పెట్టె కొట్టుకుపోయింది. పొలం తమదేనని చెప్పుకోవడానికి తిరిగిన తిరుగుడు ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. పొలమైనా, చెరువైనా, చివరికి పాత ట్రాక్టరైనా కాగితం చదవందే చెయ్యి పెట్టరు. షేర్ల సంగతి ఆయనకు పెద్దగా తెలియదు. అయినా పాతికేళ్లుగా చిన్న కంపెనీల్లో డబ్బు పెడుతున్న నేను ఎంతో ఆలస్యంగా నేర్చుకున్న ప్రశ్నను ఆయన మొదటి మాటలోనే అడిగేశారు.

ఈ డెల్టా వాళ్లం పాత సినిమా పేరు వింటే కరిగిపోతాం. కరగకుండా ఎలా ఉంటాం? 'మాయాబజార్' తీసుకోండి. కృష్ణుడు వేసిన రామారావుగారిది నిమ్మకూరు. అభిమన్యుడు నాగేశ్వరరావుగారిది గుడివాడ దగ్గర రామాపురం. ఘటోత్కచుడు రంగారావుగారు పుట్టింది నూజివీడులో. ఘంటసాలది గుడివాడ పక్క చౌటపల్లి. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు రాజాంలో పుట్టినా ఆయన చదువూ నాటకాలూ బందరువే. 1957 మార్చి 27న ఆ సినిమా విడుదలైంది. మా నాన్న తరానికి అది సినిమా కాదు, చుట్టాలింటి పెళ్లి. అలాంటి సినిమా హక్కులు ఫలానా కంపెనీ చేతిలో ఉన్నాయని తెలిస్తే లెక్కలు చూడకముందే మనసు ఒప్పేసుకుంటుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఆ సినిమా హక్కులు నిజంగానే ఒక లిస్టెడ్ కంపెనీ కొన్నది. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007 నవంబర్ చివర్లో 'మాయాబజార్'తో కలిపి 14 తెలుగు సినిమాల నెగెటివ్ హక్కులు తీసుకుంది. నలుపు తెలుపు బొమ్మకు రంగులద్దారు, ఒకే గొట్టంలోంచి వచ్చినట్టుండే పాత శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చారు. 2010 జనవరి 30న 45 థియేటర్లలో విడుదల చేశారు. జనం వెళ్లారు, మెచ్చుకున్నారు. మరి మిగతావి? రాలేదు. హక్కులు మావంటే మావని తగాదాలు లేచాయి. చాలామంది నిర్మాతలు నెగెటివ్ హక్కులు టీవీ చానళ్లకు ఎప్పుడో అమ్ముకుని ఉన్నారు. కంపెనీ ఆ పని అక్కడితో ఆపేసింది.

బావగారికి ఇది చెబితే ఒక్క ముక్కలో తేల్చేశారు. "చెరువు ఒకరిది, గట్టు ఒకరిది, గట్టు మీద కొబ్బరిచెట్లు ఇంకొకరివి. అలాంటిచోట దిగకూడదు." మన పాత సినిమాల సంగతి అచ్చం అంతే. ఆడియో ఒక రికార్డు కంపెనీకి, టీవీ ప్రసారం ఒక చానల్‌కు, వీడియో క్యాసెట్టు ఇంకెవరికో. ఆనాడు ఇంటర్నెట్ అనే మాటే లేదు కాబట్టి ఒప్పందంలో దాని ఊసే ఉండదు. ఆ రాయని హక్కు ఎవరిదన్న దాని మీదే ఇప్పుడు కోర్టులకు వెళ్తున్నారు.

ఇక ఏళ్ల లెక్క. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకూ, రికార్డయిన పాటకూ హక్కు విడుదలైన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లు. 1992కు ముందు అది 50 ఏళ్లే. 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమా మీద హక్కు 2017 డిసెంబర్ 31తో తీరిపోయింది. 2007 చివర్లో కొన్నవాళ్లకు మిగిలింది పదేళ్లు. రంగులేసి తెరకెక్కించేసరికి ఎనిమిదేళ్లు కూడా నిండుగా లేవు. ఎనిమిది పంటల కోసం చెరువంతా కొత్తగా తవ్వించినట్టు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తెలుగువాళ్లకు ఆ రంగుల బొమ్మ ఇచ్చినందుకు నాకు వాళ్లంటే గౌరవం. కానీ షేరు కొన్నవాడు ఆ ఎనిమిది అంకె తెలుసుకునే కొన్నాడా అన్నది నా బాధ.

ఇందులో మెలిక ఒకటుంది. సినిమా మీద, రికార్డు మీద హక్కు తీరినా పాట రాసినవాళ్ల హక్కు, బాణీ కట్టినవాళ్ల హక్కు తీరదు. పాట సాహిత్యానికీ, బాణీకీ కాలం రచయిత, సంగీత దర్శకుడి ఆయుష్షుతో లెక్క, వాళ్లు పోయాక 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు, ఆయన మాట 2031 చివరిదాకా హక్కులో ఉంటుంది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు, ఆయన బాణీ 2034 చివరిదాకా. ఒకే రీలులో మూడు రకాల కాలాలు నడుస్తున్నాయన్నమాట. "మా దగ్గర పాత క్లాసిక్స్ ఉన్నాయి" అని కంపెనీ రాసే ఒక్క వాక్యంలో ఇదంతా దాగి ఉంటుంది.

నా అనుభవం చెప్పాలి. పదిహేనేళ్ల కిందట ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. పేరు అనవసరం. వందల సినిమాల హక్కులున్నాయని వార్షిక నివేదిక మొదటి పేజీల్లో ఉంది. నేను చిన్నప్పుడు బందరులో నేల టికెట్టు మీద చూసిన సినిమాల పేర్లు ఆ జాబితాలో కనపడ్డాయి. అంతే, కొనేశాను. నివేదిక వెనక చిన్న అక్షరాల్లో ఉండే నోట్సు రెండేళ్ల తర్వాత చదివాను. ఆ హక్కుల్లో చాలావరకు ఐదేళ్ల టీవీ ప్రసారానికి తీసుకున్నవి. అవైనా వాళ్లొక్కరికే ఇచ్చినవి కావు, అదే సినిమా మరో చానల్ కూడా వేసుకోవచ్చు. కొన్న ఖర్చును ఏటేటా లాభంలోంచి తగ్గించుకుంటూ పోవాలి. దాన్ని నెమ్మదిగా తగ్గిస్తే లాభం పుస్తకాల్లో నిండుగా కనపడుతుంది, బ్యాంకు ఖాతాలో మాత్రం డబ్బు ఉండదు. నేను లాభం గీత చూశాను, నగదు ప్రవాహం పట్టిక చూడలేదు. పెట్టినదాంట్లో మూడో వంతుకు అమ్మి బయటపడ్డాను. ఆ నోట్సు ముందే చదివి ఉంటే పోయే డబ్బు కాదది.

అప్పటినుంచి ఈ రకం కంపెనీ ఏది చూసినా వెనక పేజీల నుంచి చదవడం అలవాటు చేసుకున్నాను. హక్కులు శాశ్వతమా, గడువుకా. గడువైతే ఎప్పటికి. అప్పెంత. ఈ అప్పు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే మన 'చందమామ' కథ ఉంది.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 'మాయాబజార్' తీసిందీ వాళ్లే. ఒకే ఇంటి నుంచి వచ్చిన ఈ రెండు ఆస్తుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సినిమా మీద హక్కు 2017తో తీరింది. పత్రికలో విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి వేసిన చిత్రకారుడు శంకర్ 2020 సెప్టెంబర్‌లో కన్నుమూశారు. అంటే ఆయన బొమ్మ మీద హక్కు 2080 చివరిదాకా ఉంటుంది. కొడవటిగంటి కుటుంబరావు 1980లో పోయారు, ఆయన రాసినది 2040 దాకా. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, ఆయన ముఖచిత్రాలు 2052 దాకా. పైగా 'చందమామ' అన్న పేరు ట్రేడ్‌మార్కు. పదేళ్లకోసారి రుసుము కడుతూ పోతే దానికి అంతం లేదు. కాగితం మీద చూస్తే తెలుగువాళ్లు సృష్టించిన వినోదపు ఆస్తుల్లో ఇంతకంటే పొడుగాటి పట్టా నాకు కనపడదు.

2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ అనే లిస్టెడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ చందమామ సంస్థలో 94 శాతం వాటా కొన్నది. ఆ కంపెనీ విదేశాల్లో బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంది, 2013లో ఆ అప్పు తీర్చలేకపోయింది. పత్రిక ఆగిపోయింది. మరుసటి ఏడాది కంపెనీని మూసేయమని బొంబాయి హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. 2019లో చందమామ మేధో హక్కులు అమ్మమంది. కథలు పాతబడి పత్రిక చావలేదు. యజమాని అప్పు చంపింది. బేతాళుడికి ఇంకా యాభై ఏళ్లకు పైగా ఆయుష్షుంది, అయినా పిల్లల చేతికి పుస్తకం రాలేదు. ట్రేడ్‌మార్కుకు ఒక నియమం కూడా ఉంది. వరసగా ఐదేళ్లకు పైగా వాడకుండా వదిలేస్తే, రిజిస్టరు నుంచి ఆ పేరు తీసేయమని దానివల్ల నష్టపడేవాళ్లెవరైనా అడగవచ్చు. పొలం బీడు పెట్టినవాడికి పట్టా కూడా నిలవదు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. కోరియన్ అనే కంపెనీ పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ హక్కుల్నీ, 1998లో అగాథా క్రిస్టీ కంపెనీలో 64 శాతాన్నీ కొన్నది. పుస్తకాలు అమ్ముడవుతూనే ఉన్నాయి, అప్పు మాత్రం మెడకు చుట్టుకుంది. 2012 నాటికి ఒక్కో హక్కునూ విడివిడిగా అమ్ముకోవాల్సి వచ్చింది.

అమ్మకానికి వీల్లేని పేర్లూ ఉన్నాయి, మన బందరు లడ్డూలాగా. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మచిలీపట్నం కలంకారీకి అంతకు చాలాముందే ఉంది. ఆ పేర్లను చట్టప్రకారం ఎవరూ ఎవరికీ అమ్మలేరు. చేసేవాళ్లందరివీ అవి. 'చందమామ' పేరుకు కూడా అలాంటి రక్షణ ఏదైనా ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

బాగా నడిపినవాళ్లూ ఉన్నారు. మన పెద్దలు హెచ్ఎంవీ అని పిలిచిన గ్రామఫోన్ కంపెనీయే 2000లో సారెగమగా పేరు మార్చుకుంది. పల్లెల్లో గుడి మైకులోంచీ, చావింటి ముంగిటా వినిపించే ఘంటసాల భగవద్గీత వాళ్లదే. క్యాసెట్టు పోయింది, సీడీ పోయింది. 2017లో ఆ కంపెనీ కారవాన్ అనే పెట్టె తెచ్చింది. పాత ట్రాన్సిస్టర్ రూపం, లోపల ముందే నింపిన 5,000 పాటలు. ఫోనులో పాట వెతుక్కోవడం రాని పెద్దవాళ్లకు కొడుకులూ కూతుళ్లూ కొనిచ్చారు. షేరు విలువ పెరిగి, 2022లో ఒక్కో షేరును పది చేశారు. పాత పాటను కొత్త పాత్రలో పోయడం తెలిసినవాడి దగ్గరే ఆ హక్కుకు విలువ. అయితే వాళ్లకూ గడియారం ఆగదు. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' పాటలు తీసుకోండి.  ఆ ఏడాది రికార్డుల మీద హక్కులన్నీ 2024 డిసెంబర్ 31తో తీరాయి. ప్రతి జనవరి 1న తెలుగు పాట స్వర్ణయుగంలోంచి ఒక్కో ఏడాది ఇలా జారిపోతుంది. లంక భూమిని కృష్ణ కోసుకుపోయినట్టు. సారెగమ ఏటా కొత్త సినిమాల పాటలు కొంటున్నది కూడా ఇందుకే.

గట్టు సంగతి మరిచిపోకూడదు. చెరువు నీదైనా గట్టు తెగితే చేప ఉండదు. ఈ వ్యాపారంలో గట్టంటే నెగెటివ్, మాస్టర్ టేపు, అవి దాచిన చల్లటి గది. బందరులో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో తన ఫోటో స్టూడియో తాకట్టు పెట్టి సినిమా యంత్రం తెచ్చారు, గెయిటీ థియేటరు కట్టారు, 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' కంపెనీ పెట్టారు. 1921లో ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఇప్పుడు చూద్దామంటే లేదు. 1932 నాటి మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. హక్కు ఎవరిదైతే ఏం, అమ్మడానికి బొమ్మే లేదు. అందుకే కంపెనీ ఖర్చుల్లో పాత రీళ్లను కాపాడటానికి, డిజిటల్‌లోకి మార్చడానికి ఎంత పెట్టిందో వెతుకుతాను. అక్కడ సున్నా ఉంటే పుస్తకం మూసేస్తాను.

బావగారి అరుగు మీద చెప్పిన కంపెనీ షేర్లు నేనింకా కొనలేదు. దాని నివేదికలో హక్కుల జాబితా ఉంది, గడువుల జాబితా లేదు. వార్షిక సమావేశాలు ఇప్పుడు చాలావరకు వీడియోలోనే జరుగుతున్నాయి. ముంబై వెళ్లక్కర్లేదు. గుడివాడలో ఇంట్లో కూర్చుని, ముందుగా మాట్లాడేవాళ్ల జాబితాలో పేరు రాయించుకుంటే చాలు. ఒక్క షేరున్నా అడగవచ్చు కాబట్టి ఆ ఒక్కటి కొని అడగబోతున్నాను. ఇలాంటి కంపెనీల్లో మీకూ షేర్లుంటే దయచేసి అడగండి. రాబోయే పదేళ్లలో మీ చేతిలోంచి పోయే పాటలెన్ని, ఇవాళ వాటి మీద వస్తున్న ఆదాయమెంత? జవాబు చెప్పకపోతే అమ్మేసి బయటికి రండి.